నట్టల మందుకు సర్దార్ కావలెను

మా గోదావరిఖనిలో ఎవరైనా ‘మందు కావాలె’ అంటే తొందరపడి ఇవ్వకండి. ఏ మందో ముందు అడగండి. ఫస్ట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని అడిగితే అది వైన్ షాపు మందు. బాయిలో అడిగితే బొగ్గు పేల్చే మందు. చేను గట్టు మీద అడిగితే పురుగుల మందు, లేదంటే మందు బస్తా, అనగా యూరియా. ఒళ్ళు కాలుతుంటే అడిగేది గోలీ. భుజాన గొంగడి, చేతిలో కర్ర ఉన్న మనిషి అడిగితే నట్టల మందు, అనగా గొర్రె కడుపులో పురుగులకు పోసేది. మాట ఒక్కటే, మందులు ఆరు.

యూరియాను పక్కన పెడితే, మిగిలిన అయిదింటి వాకిట్లోనూ సర్కారు ఒక్కో కాపలాదారుణ్ని నిలబెట్టింది. వైన్ షాపు వాకిట్లో లక్కీ డ్రా నిలబడి ఉంటుంది. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. షాపు తగిలినా తగలకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. అక్కడ చదువు అడగరు, జాతకం అడుగుతారు. పేల్చే మందు ముట్టాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ పెట్టిన పరీక్ష పాసై సర్టిఫికెట్ పట్టాలి. పురుగుల మందు అమ్మాలంటే లైసెన్సుతో పాటు చదువు ఉండాలి. చదువు చాలని డీలర్ల కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003లో ‘దేశి’ అనే డిప్లొమా మొదలుపెట్టింది. ఏడాది పాటు ఆదివారమో, అంగడి సెలవు రోజో పోయి డీలరు బుద్ధిగా బెంచీ మీద కూర్చోవాలి. గోలీకి ఫార్మసిస్టు ఉంటాడు. మనిషి కౌంటర్లో లేకున్నా ఆయన సర్టిఫికెట్ ఫ్రేములోంచి రోగుల్ని కనిపెట్టుకుని ఉంటుంది.

ఇక నట్టల మందు. దానికి కాపలా లేదనుకునేరు! అన్నిటికన్నా గట్టి కాపలా దానికే ఉంది. ఎంత గట్టిదంటే, ఇంతవరకూ ఆ కాపలాదారుణ్ని కళ్ళారా చూసిన గొర్రె మా చుట్టుపక్కల లేదు.

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఒకటుంది. దానికింద 1945 నాటి నియమాలున్నాయి. వాటిలో ‘షెడ్యూల్ హెచ్’ అనే జాబితా ఉంది. అందులోని మందు డాక్టరు చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదు. మన నట్టల మందు ఆల్బెండజోల్ ఆ జాబితాలోనే ఉంది. చీటీ ఎలా ఉండాలో కూడా నియమం చెబుతుంది. మనిషికైతే రోగి పేరూ చిరునామా రాయాలి, పశువుకైతే యజమాని పేరూ చిరునామా రాయాలి. అంటే మంద మొత్తానికి నట్టలుంటే చీటీలో రోగి స్థానంలో ఉండేది గొల్లాయనే. సీసా లేబుల్ మీద ‘మనుషులకు కాదు, పశు చికిత్సకు మాత్రమే’ అని రాసి, పక్కనే ఒక పెంపుడు జంతువు తలకాయ బొమ్మ వేయాలి. చదువురాని గొర్రె కూడా బొమ్మ చూసి ‘ఇది నాదే’ అని గుర్తుపట్టడానికి శాసనకర్తలు ఎంత ముందుచూపు చూపించారో గమనించండి.

చీటీ రాసేది ఎవరు? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం జవాబు చెబుతుంది. రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి. కింది సిబ్బందికి ఆయన పర్యవేక్షణలో ‘చిన్న సేవలు’ చేసే అవకాశం రాష్ట్రం ఇవ్వొచ్చు. చిన్న సేవలంటే ఏమిటో కూడా చట్టమే వివరించింది: టీకాలు వేయడం, గాయాలకు కట్టు కట్టడం, విత్తులు కొట్టడం. ఇంకేమైనా చేర్చాలనుకుంటే రాష్ట్రం నోటిఫికేషన్ ఇచ్చుకోవచ్చు. పొట్టేలుకు విత్తులు కొట్టడం చిన్న సేవట. నోట్లో పది మిల్లీలీటర్ల మందు పోయమని చెప్పడం మాత్రం అయిదున్నరేళ్ళ డిగ్రీ అడిగే పెద్ద సేవట. ఈ రెంటిలో ఏది చిన్నదో ఏది పెద్దదో పొట్టేలును అడిగి ఉంటే చట్టం ఇంకోలా ఉండేది.

చీటీ మీద మందు తీసి ఇచ్చేది ఎవరు? 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆయన చదివిన చదువులో రోగికి రెండు కాళ్ళు, ఒక కడుపు. గొర్రెకు నాలుగు కాళ్ళు, నాలుగు అరల కడుపు. ఆ లెక్కల తేడా సిలబస్ చూసుకోవాల్సింది, ఆయన కాదు.

కాబట్టి కాగితం మీద మన ఏర్పాటు అద్భుతం. గొర్రెకు పారుడు పడుతుంది. గొల్లాయన పశువుల దవాఖానకు పోతాడు. డాక్టరు పేడ పరీక్ష చేయిస్తాడు, బరువు చూస్తాడు, చీటీ రాస్తాడు. ఫార్మసిస్టు చీటీ చదివి మందిస్తాడు. గొర్రె ‘మే’ అని కృతజ్ఞత తెలుపుతుంది. ఇప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని చౌరస్తా దాకా నడుద్దాం రండి. అక్కడ ఒక దుకాణం ఉందనుకోండి. పేరెందుకు, ఏ ఊళ్ళోనైనా ఉండేదే.

‘అన్నా, నట్టల మందియ్యి.’

‘ఎన్ని జీవాలు?’

‘నలభై.’

‘పెద్దయా, పిల్లలా?’

‘అన్ని కలిసున్నయి.’

‘లీటరు డబ్బా తీస్కపోవే. ఒక్కోదానికి ఓ మూతెడు పొయ్యి.’

‘పోయినసారి గదే పోసిన. పారుడు తగ్గలె.’

‘అయితే గిది కొత్తగ వచ్చింది. మస్తు జోరున్నది. రెండు మూతలు పొయ్యి.’

‘సూడి గొర్లు గూడ ఉన్నయే మరి?’

‘ఏం గాదు తియ్యే. అందరు తీస్కపోతలేరా?’

ఈ బేరంలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. నమస్కారాలు బాగానే జరిగాయి, చిల్లర సరిగానే ఇచ్చారు. మూడు చట్టాలు మాత్రం డబ్బాతో పాటు సంచీలో పడి వెళ్ళిపోయాయి. వైద్యుడు ‘అందరూ’. తూకపు రాయి సీసా మూత.

మూతెడు మందు చిన్న విషయం కాదు. గొర్రె నాలుగో కడుపులో కాపురముండి నెత్తురు తాగే నట్ట ఒకటుంది. చూడ్డానికి ఎరుపూ తెలుపూ పేనిన దారంలా ఉంటుంది. ఒక్కోటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల నెత్తురు తాగుతుందని లెక్క. పైరవీకారు వాటాలాగే వినడానికి ఎంతో కాదు. అలాంటివి అయిదు వేలు చేరితే పావు లీటరు. కంటి రెప్ప లోపల పాలిపోతుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, ఒకరోజు పొద్దున జీవం లేవదు. దీనికి తక్కువ మోతాదు పోస్తే బలహీనమైన నట్టలు చచ్చి మొండివి మిగులుతాయి. మిగిలినవి రోజుకు వేల గుడ్లు పెట్టి తమలాంటి మొండి సంతానాన్నే మేత మీద చల్లుతాయి. ఆ తర్వాత ఆ మందు పోసినా, చౌరస్తాలో చాయ్ పోసినా ఒకటే.

ఎక్కువ పోస్తే ఇంకో కథ. క్లోసాంటెల్ అనే నట్టల మందు మోతాదు మించితే గొర్రె కళ్ళు పోతాయి. కట్టిన కొత్తలో ఉన్న సూడి గొర్రెకు ఆల్బెండజోల్ పోస్తే కడుపులో పిల్ల వంకరపోయే ప్రమాదముంది. మందు పోశాక మాంసానికి కోయడానికి ఎన్నాళ్ళు ఆగాలో ప్రతి మందుకూ ఒక గడువుంది. కొన్నిటికి వారం పది రోజులు, కొన్నిటికి నెల పైన. మా బొగ్గు ఊళ్ళో ఆదివారం ఎన్నాళ్ళకొస్తుందో మీకు చెప్పక్కర్లేదు. దసరాకు సింగరేణి లాభాల వాటా పడ్డ వారం గురించి అసలే చెప్పక్కర్లేదు. 2024లో లాభంలోంచి 796 కోట్లు కార్మికులకు పంచారు. ఆ వారం కత్తి కింద నిలబడ్డ పొట్టేలును ‘నీకు మందు ఎప్పుడు పోశారు’ అని అడిగిన కార్మికుణ్ని చూపిస్తే నా వాటా మటన్ రాసిస్తాను. లేబుల్ మీద ‘మనుషులకు కాదు’ అన్న మాట గొర్రె మీద అంటించి ఉండదు కదా. శుక్రవారం గొర్రెకు పోసింది ఆదివారం మన గిన్నెలోకి చీటీ లేకుండానే దిగుతుంది.

మరి పశువుల డాక్టరు ఎక్కడ? పాపం, ఆయన్ను తిడితే పుణ్యం రాదు. ఆయన ఒక్కడు. చేతిలో తన మండలం, నెత్తిన పక్క మండలం ‘అదనపు బాధ్యత’. టీకాలు, లెక్కలు, పథకాలు, సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు. నట్ట కనబడాలంటే సూక్ష్మదర్శిని కావాలి, డాక్టరు కనబడాలంటే దూరదర్శిని కావాలి. 5,000 పశు యూనిట్లకు ఒక వైద్యుడుండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఆ సిఫారసు వయసు ఇప్పుడు చాలామంది డాక్టర్ల వయసు కన్నా ఎక్కువ. 2017లో ‘1962’ నెంబరుతో సంచార పశువైద్యశాలలు వచ్చాయి, నియోజకవర్గానికి ఒకటి చొప్పున 100 బండ్లు. మంచిదే. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల పక్కన, మేడిపల్లి వైపునో, కుందనపల్లి బూడిద చెరువు దిక్కునో మేసే మంద తన వంతు వచ్చేదాకా పారుడు ఆపుకుంటే సరిపోతుంది.

అదే 2017లో గొర్ల పంపిణీ కూడా మొదలైంది. యూనిట్ 1,25,000 రూపాయలు, 75 శాతం సబ్సిడీ, ఇరవై గొర్లు, ఒక పొట్టేలు. వాటి కడుపులో ఊరు దాటొచ్చిన నట్టలు కొసరు. 2019 పశుగణన నాటికి తెలంగాణ కోటీ తొంభై లక్షల గొర్లతో దేశంలోనే మొదటి స్థానానికి ఎగబాకింది. ఆ తర్వాత కాగ్ లెక్క తీస్తే, గొర్లను మోసుకొచ్చిన లారీల నెంబర్లలో కొన్ని మోటారు సైకిళ్ళవీ అంబులెన్సులవీ అని తేలింది. గొర్రె అంబులెన్సెక్కిన రాష్ట్రమండీ మాది! ఎక్కింది వైద్యానికి కాదు, బిల్లుకు. నెత్తురు తాగే నట్టలు ఒక్క గొర్రె కడుపులోనే ఉంటాయనుకుంటే పొరపాటు. ఆ రెండో రకానికి మందు రాసే అధికారం ఏసీబీకి ఉంది, రాస్తున్నారు, మోతాదు చాలడం లేదు.

సర్కారు తనకు బుద్ధిపుట్టినప్పుడు నట్టల మందు ఉచితంగా కూడా పోస్తుంది. అది చూసి తీరాల్సిన పండుగ. టెంటు, ఫ్లెక్సీ, మైకు. ఒక నాయకుడు గొర్రె దవడ పట్టుకుంటాడు, ఇంకో నాయకుడు మందు గొట్టం పట్టుకుంటాడు, మూడో ఆయన వాళ్ళిద్దరి వెనక నుంచి మెడ చాస్తాడు. నోరు తెరిచిన గొర్రె, నోరు మూయని నాయకుడు, ఫొటో. బరువు చూసింది లేదు, పేడ చూసింది లేదు, చీటీ రాసింది లేదు. ఊరి మందలన్నిటికీ ఒకటే మందు, ఒకటే రోజు. గొల్లాయనకు చీటీ లేకుండా అమ్మితే నేరం, ప్రభుత్వం చీటీ లేకుండా పోస్తే కార్యక్రమం.

మనుషుల సంగతీ అంతే. 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల దినం చేస్తున్నాం. ఏడాది నుంచి పందొమ్మిదేళ్ళ దాకా పిల్లలకు అంగన్‌వాడీ టీచరమ్మ, బడి పంతులు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల గోలీ నమిలిస్తారు, రెండేళ్ళలోపు వాళ్ళకు సగం. ఆ ‘షెడ్యూల్ హెచ్’ మందే! ఇది తప్పని నేననడం లేదు. చాలా ఒప్పు. టీచరమ్మకు ముందుగా శిక్షణ ఇచ్చారు, ఎవరికెంతో చెప్పారు, ఎవరికి ఇవ్వొద్దో చెప్పారు, రిజిస్టరు చేతికిచ్చారు. పైగా ఎన్ని గోలీలు మింగిస్తే అంత లాభమన్న ఆశ ఆమెకు లేదు. నా మనవడికి గోలీ ఇవ్వడానికి టీచరమ్మ చాలు, నా గొర్రెకివ్వడానికి పట్టభద్రుడే కావాలట. గొర్రెగా పుట్టడం ఎంత గౌరవమో ఇప్పుడు తెలిసింది.

2025 మార్చిలో కేంద్రం ‘పశు ఔషధి’ అని కొత్త వంటకం వండింది. మంచి జెనరిక్ పశువుల మందులు చవగ్గా అందించడానికి 75 కోట్లు. అమ్మే చోటు సహకార సంఘాలు, ప్రధానమంత్రి కిసాన్ సమృద్ధి కేంద్రాలు, అంటే మా భాషలో మందు బస్తాల దుకాణం. మా రామగుండంలోనే ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా చేసే ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం ఉంది. 2022 నవంబరు 12న ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. ఇక ముందు చెప్పుల వరుసలో ఒక జత గొర్రె తరఫున కూడా పెట్టొచ్చు. చవక మందు తప్పకుండా కావాలి. కానీ మందు చవకైనంత మాత్రాన మోతాదు తెలియదు. ధర తగ్గించడానికి 75 కోట్లు పెట్టిన వారు ‘ఎంత పోయాలె’ అన్న ప్రశ్నకు కూడా కౌంటరులో ఒక కుర్చీ వేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఎవరి చేతిలో ఏ మందుండాలన్న పంచాయతీలో మనం ఒకసారి దారుణంగా ఓడిపోయాం. సాక్షులు ఆకాశంలో ఉండేవారు, ఇప్పుడు కనబడరు. గొడ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ పొడిచారు. చచ్చిన గొడ్డును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. మన వాళ్ళు తెలివైన వాళ్ళు, మనుషుల కోసం చేసిన 30 మిల్లీలీటర్ల సీసాలు కొని గొడ్లకే పొడిచారు. ప్రభుత్వానికి ఆ కిటుకు తెలిసి, 2015లో మనుషుల సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. ఎద్దుకు పొడవాలంటే ఇక గంపెడు సీసాలు పగలగొట్టాలి. లక్షల చెక్‌పోస్టులు చేయలేని పని సీసా సైజు చేసింది. గోదావరి దాటి పైకి పోతే, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో కొన్ని రాబందులు కనబడ్డాయి. నిషేధం ఉత్తర్వు మీద ఉంటే చాలదు, సీసా మీద, చేయి మీద, లెక్క మీద ఉండాలని ఆ గుట్టెక్కి చూస్తే తెలుస్తుంది.

మనమే ఇంత అనుకుని కుమిలిపోనక్కర్లేదు. 2021లో అమెరికాలో కరోనాకు భయపడి జనం గుర్రాల నట్టలకిచ్చే ఐవర్‌మెక్టిన్ పేస్టు నాకారు. అక్కడ అది దాణా దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతుంది. ‘మీరు గుర్రాలు కారు, ఆవులు కారు’ అని సాక్షాత్తూ వాళ్ళ ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటన చేయాల్సి వచ్చింది. లాస్ వెగాస్‌లో ఒక దుకాణదారు, గుర్రంతో దిగిన ఫొటో చూపిస్తేనే అమ్ముతానని బోర్డు పెట్టాడు. ప్రపంచంలో చీటీ లేకుండా మొదలై ఫొటో దగ్గర ఆగిన తొలి వైద్యం అదే అయ్యుంటుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా? ఆ ఏడాది మేలో గోవా ప్రభుత్వం పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళందరికీ ఐవర్‌మెక్టిన్ మింగిస్తామని ప్రకటించింది. గొర్రెకు చీటీ కావాలన్న దేశంలో ఒక రాష్ట్రం మొత్తానికి ఒక్క ప్రకటనే చీటీ అయింది.

యూరప్ ఇంకో కొస పట్టుకుంది. 2022 జనవరి 28 నుంచి అమల్లోకి వచ్చిన నియమంతో మాంసం, పాలకు పెంచే జీవాల నట్టల మందుకు చీటీ తప్పనిసరి అన్నారు. వెంటనే ఐర్లండ్‌లో, అప్పటిదాకా శిక్షణతో చట్టబద్ధంగా అమ్ముతున్న దుకాణాలు, సహకార సంఘాలు గొల్లుమన్నాయి. అమలు వాయిదా మీద వాయిదా పడింది. బ్రిటన్‌లో పరీక్ష పాసై రిజిస్టరైన దుకాణం మనిషి చాలా రకాల నట్టల మందుల్ని తానే రాసి అమ్మొచ్చు. మంచి పద్ధతే, అయినా అక్కడా మొండి నట్టలు పుట్టాయి. ఎందుకంటే పరీక్ష పాసైనా ఆ మనిషి నిలబడింది గల్లాపెట్టె వెనకాలే.

ఇక మన దగ్గర వాదులు నలుగురు. డాక్టర్ల సంఘం, ‘చీటీ మా ఒక్కరి హక్కు’ అంటుంది. అయ్యా, మీ హక్కు మీకే ఉంచాం, కాస్త వచ్చి వాడుకోండి. మెడికల్ షాపు వారు, ‘మేం ఆపేస్తే గొర్లు చస్తాయి’ అంటారు. నిజమే, మీరు అమ్మినా కొన్ని చస్తున్నాయి, కొన్నిటికి కళ్ళు కనపడడం లేదు. కంపెనీ ప్రతినిధి ఏమీ అనడు. డజనుకు ఒకటి ఉచితం అంటాడు, అందరూ వింటారు. నాలుగో వాది ఆర్‌ఎంపీ. ఈ మూడక్షరాల్లో మన దేశం మొత్తం ఇమిడిపోయింది. చట్టం భాషలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడు. మా వాడలో ఆర్‌ఎంపీ అంటే ఏ రిజిస్టరులోనూ లేని వైద్యుడు. పశువుల్లోనూ ఆయన తమ్ముళ్ళున్నారు. పిలిస్తే రాత్రి పన్నెండింటికైనా వస్తారు, అదే వాళ్ళ డిగ్రీ. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే పని నేర్చిన గోపాలమిత్రను, మహిళా సంఘాల నుంచి వచ్చిన పశుమిత్ర అక్కను మాత్రం ఏ సభలోనూ వాది కింద పిలవరు. వాళ్ళకు మందల దారి తెలుసు, మందు దారి నేర్పడం ఎవరికీ తోచలేదు.

నవ్వొచ్చేది ఏమిటంటే, ఈ చిక్కుముడి విప్పిన వాళ్ళు మా కాళ్ళ కిందే ఉన్నారు. బొగ్గు గనిలో మేనేజరు ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్న పెద్ద చదువరి. అయినా ప్రతి రంధ్రంలో పేల్చే మందు ఆయనే కూరడు. ఆయన కిందికి దిగేదాకా బొగ్గు ఆగదు. అలాగని దారిన పోయే వాడి చేతికి మందు కట్ట ఇచ్చి ‘ఓ మూతెడు పెట్టు’ అని కూడా అనరు. నడుమ సర్దార్ ఉంటాడు, షాట్‌ఫైరర్ ఉంటాడు. అనుభవం ఉన్నోడు, పరీక్ష పాసైనోడు, గ్యాస్ పట్టగలనని, ఫస్టెయిడ్ చేయగలనని సర్టిఫికెట్ ఉన్నోడు. ఎంత మందు తీసుకున్నాడో, ఎంత పేల్చాడో, ఎంత తిరిగిచ్చాడో రాస్తాడు. అన్నిటికన్నా గొప్పది, ప్రమాదం వాసన తగిలితే మనుషుల్ని వెనక్కి పంపే అధికారం సర్దార్‌కు ఉంది. ‘పేల్చను’ అనొచ్చు. అన్నందుకు ఆ పూట మస్టరు పోదు.

దుకాణదారు ఎప్పుడైనా ‘అమ్మను’ అని చూడమనండి. ఆయన మస్టరు లీటర్లలో పడుతుంది. మన తగువంతా ఎవరికి పెద్ద చదువుందనే దాని మీదే నడుస్తోంది. అడగాల్సింది ఒకటే: మందు పోయనందుకు కూడా కూలి గిట్టేది ఎవరికి? నట్టల విద్యలో సగం పోయకపోవడమే. మందలో కంటి రెప్ప ఎర్రగా, ఒళ్ళు గట్టిగా ఉన్న జీవాలను వదిలేయాలి. వాటి కడుపులో మందుకు లొంగే నట్టలు కొన్ని బతికుంటేనే మొండి సంతానం పలచబడుతుంది. దక్షిణాఫ్రికాలో కంటి రెప్ప రంగును పోల్చి చూసే రంగుల అట్ట ఒకటి తయారుచేశారు, పేరు ‘ఫమాచా’. ఏ గొర్రెకు మందు కావాలో, దేనికి అక్కర్లేదో రెప్ప తిప్పి చెప్పొచ్చు. తోకకూ చెవికీ తేడా తెలియని వాడికన్నా, తన మందలో ప్రతి జీవాన్నీ మొహం చూసి పిలిచే మా కురుమ తాతకు ఆ అట్ట ఒక్క పూటలో వస్తుంది.

కాబట్టి అధికారులు శ్రమ పడకుండా ప్రకటన నేనే రాసి పెట్టాను. సంతకం చేస్తే చాలు.

‘నట్టల మందుకు సర్దార్ కావలెను. ఖాళీలు: నాలుగైదు ఊళ్ళకొకటి. అర్హత: మంద వెంట మూడేళ్ళు తిరిగి ఉండవలెను, కారులోంచి చూసినది లెక్కలోకి రాదు. గోపాలమిత్రలకు, పశుమిత్రలకు, గొల్ల కురుమల పిల్లలకు ప్రాధాన్యం. పరీక్ష: జీవం బరువు తూచి చెప్పవలెను, రెప్ప తిప్పి చూడవలెను, పేడ నమూనా సరిగా తీసి పంపవలెను, సూడి కట్టిన నెల పోల్చవలెను. చేయదగినవి: ఫెన్‌బెండజోల్ వంటి భయం తక్కువ మందులు డాక్టరు రాసిపెట్టిన పట్టిక ప్రకారం బరువును బట్టి పోయవచ్చును. చేయరానివి: కళ్ళు తీసే మందులు, సూదులు, తనకు తెలియని రోగాలు. అవి డాక్టరువి. ప్రతి మందకూ మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళ దాకా కోయరాదో రాసిన చీటీ ఇవ్వవలెను, దానికి నకలు ఉంచవలెను. డాక్టరు వారం వారం ఆ పుస్తకం చూసి సంతకం చేయవలెను. జీతం: మంద లెక్కన, లీటరు లెక్కన కాదు. విశేష అధికారం: పోయను అనుట. గమనిక: ప్రారంభోత్సవం నాడు నాయకులు గొర్రె నోరు పట్టుకోరాదు.’

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదని నా మనవి. 1984 చట్టంలో చిన్న సేవల జాబితాకు తోక తగిలించే కలం రాష్ట్రం జేబులోనే ఉంది. విత్తులు కొట్టడం పక్కన ఒక గీత గీసి ‘తూచి నట్టల మందు పోయుట’ అని రాస్తే ప్రళయం రాదు. దుకాణాలు ఉంటాయి, ‘పశు ఔషధి’ కూడా ఉంటుంది. అవి మందు అమ్ముతాయి, సలహా అమ్మవు. డాక్టరుకు చీటీ పోదు, చీటీలు రాసే చెయ్యి పెరుగుతుంది. పత్తి పురుగుకు మందు అమ్మే వాణ్ని ఏడాది పాటు బెంచీ మీద కూర్చోబెట్టగలిగిన దేశానికి, గొర్రె పురుగుకు మందు పోసే వాణ్ని నాలుగు నెలలు కూర్చోబెట్టడం చేతకాదంటే నేను నమ్మను.

అప్పటిదాకా బాయి గేటు దగ్గర ఒక్క డిటోనేటర్ లెక్క తేలకపోతే ఊరుకోరు. గేటు బయట చౌరస్తాలో ఎన్ని లీటర్ల క్లోసాంటెల్ ఏ గొర్రె గొంతులో దిగిందో లెక్క అడిగిన వాడు లేడు.

పొద్దు గూకింది. గొంగడి భుజాన వేసుకున్న మనిషి డబ్బా సంచీలో పెట్టుకుని మంద వైపు నడుస్తున్నాడు. ఒక్కోదానికి రెండు మూతలు. ఆ మూత గొర్రె నోటికి కొలతో కాదో ఎవరికీ తెలియదు. చట్టం నోటికి మాత్రం సరిగ్గా సరిపోయింది.